రుచి పోయినా కోరిక ఎందుకు పోదు?

మా బాబాయి ముప్పై ఏళ్లు రోజుకో సిగరెట్ పెట్టె ఖాళీ చేశాడు. మానేసి ఎనిమిది నెలలైంది. మొన్న ఇద్దరం బస్టాండ్ దగ్గర టీ తాగుతున్నాం. గ్లాసు చేతికి రాగానే ఆయన కుడిచెయ్యి దానంతటదే చొక్కా జేబు మీదకు వెళ్లింది. జేబు ఖాళీ. "చివర్లో రుచే తెలిసేది కాదురా. అయినా లేకపోతే ఉండలేకపోయేవాణ్ని" అన్నాడు.

ఈ వీడియో ఆ మాట గురించే.

మెదడు మధ్య భాగంలో కొన్ని కణాలు డోపమైన్‌ను విడుదల చేస్తాయి. దానికి ఆనందం ఇచ్చే రసాయనం అని పేరు పడిపోయింది. నన్నడిగితే ఆ పేరే మనల్ని తప్పుదారి పట్టిస్తోంది. 1990ల్లో వోల్‌ఫ్రామ్ షుల్ట్జ్ అనే మెదడు శాస్త్రవేత్త కోతుల మీద చేసిన ప్రయోగాలు చూడండి. ముందు ఒక సంకేతం, తర్వాత నోట్లో పళ్లరసం చుక్క. మొదట్లో రసం పడగానే ఈ కణాలు చెలరేగేవి. అలవాటయ్యాక రసం పడినా చలనం లేదు, సంకేతం రాగానే చెలరేగేవి. సంకేతం వచ్చి రసం రాకపోతే? సరిగ్గా రసం రావలసిన క్షణానికి మామూలు కన్నా కిందికి పడిపోయేవి.

బాబాయికి ఆ సంకేతం టీ గ్లాసు.

పొగతో పీల్చిన నికోటిన్ కొన్ని సెకన్లలోనే మెదడుకు చేరి ఈ డోపమైన్ కణాలను రెచ్చగొడుతుంది. ఒక్కో దమ్ము ఒక్కో పాఠం. పెట్టెలో పది, ఒక్కోదానికి పది దమ్ములు అనుకున్నా రోజుకు వంద. ముప్పై ఏళ్లకు పది లక్షలు దాటుతుంది. ఏ బడిలోనూ ఏ పాఠాన్నీ ఎవరితోనూ అన్నిసార్లు వల్లె వేయించరు. భోజనం అయ్యాక, అగ్గిపుల్ల గీసిన చప్పుడుకు, కాస్త టెన్షన్ పడినా, మెదడు అదే పాఠం అప్పజెప్తుంది.

మరి రుచి సంగతి? మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెర్రిడ్జ్ బృందం ఎలుకల మెదడులో డోపమైన్‌ను దాదాపు పూర్తిగా తీసేసింది. అవి తిండి జోలికే పోలేదు. కానీ నాలుక మీద తీపి వేస్తే మూతి చప్పరించాయి. అంటే ఇష్టం వేరు, కావాలనిపించడం వేరు. వ్యసనంలో రెండోది పెరుగుతూ పోతుంది, మొదటిది తరుగుతున్నా సరే.

"మనసుంటే మానలేడా?" అని మా ఇంట్లో అందరం ఆయన్ని అన్నాం. నేనూ అన్నాను. ఇప్పుడు తలుచుకుంటే బాధేస్తుంది. ఈ పండక్కి కుట్టించుకునే చొక్కాకు జేబు వద్దని టైలర్‌కు చెప్పాడట.

పొగాకు మానాలనుకునేవాళ్లకు ప్రభుత్వ ఉచిత నంబరు 1800-11-2356. స్క్రీన్ మీద ఉంచుతున్నాను, రాసుకోండి.