కొండ మీద వాన, ఊళ్లో గెడ్డ పొంగు: వేసవి వాన సూచనను చదవడం ఎలా?

(దృశ్యం: మే నెల సాయంత్రం. సాలూరుకు పడమట కొండల మీద నల్లని మేఘం; దిగువన ఎండలో ఎండిపోయి ఉన్న గెడ్డ.)

ఉమ్మడి విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లోని కొండ దిగువ గ్రామాల్లో ఊళ్లో ఒక్క చినుకు పడకపోయినా గెడ్డ, అంటే కొండవాగు, పొంగవచ్చు. వాన కురిసిన ఆరు గంటల లోపే, కొన్నిసార్లు గంట లోపే ముంచుకొచ్చే ఇటువంటి పొంగునే ఆకస్మిక వరద అంటారు. దీనిని ముందుగా ఎంతవరకు చెప్పగలరో, చెప్పిన సూచనను మనం ఎలా అర్థం చేసుకోవాలో ఈ వీడియోలో చూద్దాం.

వేసవిలో పగలంతా కాగిన నేల మీది గాలి తేలికై పైకి లేస్తుంది. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమగాలి పాచిపెంట, సాలూరు, మక్కువ వైపు తూర్పు కనుమలకు తగిలి వాలు వెంట ఇంకా పైకి ఎక్కుతుంది. ఈ రెండూ కలిసిన సాయంత్రం ఉరుములు, పిడుగులు, ఈదురుగాలులతో వాన పడుతుంది. మేఘాన్ని ముందుకు తోసే పైగాలి బలహీనంగా ఉన్న రోజున అది ఒకే లోయ మీద నిలిచి కురుస్తుంది. అసలు భయపడవలసింది ఆ రోజునే.

(దృశ్యం: తెర మీద జిల్లాల పటం, పసుపు, నారింజ, ఎరుపు రంగులు.)

భారత వాతావరణ విభాగం లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు దాటితే భారీ వర్షం, 115.6 నుంచి అతి భారీ వర్షం, 204.5 నుంచి అత్యంత భారీ వర్షం. సూచనలో ‘ఒకటి రెండు చోట్ల’ అన్నారంటే, ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని అర్థం. ఆ నాలుగో వంతులో మన కొండ ఉందో లేదో పటంలో జిల్లాకు ఇచ్చిన హెచ్చరిక రంగు చెప్పదు. పైగా ఈ కొలతలన్నీ రోజు మొత్తానికి సంబంధించినవి. 60 మిల్లీమీటర్లు రోజంతా నింపాదిగా కురిస్తే పొలానికి మేలు. అదే గంటలో కురిస్తే గెడ్డ గట్టు తెగుతుంది. అయినా భారత వాతావరణ విభాగం పట్టికలో అది ‘భారీ’ కూడా కాదు.

ఒక లెక్క వేద్దాం. పైన 20 చదరపు కిలోమీటర్ల కొండ వాలు నుంచి నీరు దిగే గెడ్డ ఒకటి ఉందనుకుందాం. గంటలో 60 మిల్లీమీటర్లు కురిసి, అందులో సగం నేలలో ఇంకిపోయినా, మిగిలిన సగం 60 కోట్ల లీటర్లు. అది రెండు గంటల్లో దిగితే సగటున సుమారు 2,900 క్యూసెక్కుల ప్రవాహం. ఎండకు గట్టిపడిన నేల మీద, చెట్లు కొట్టి తగలబెట్టిన పోడు వాలు మీద ఇంకిపోయే భాగం మరింత తగ్గుతుంది. ముందు రోజు కూడా వాన పడి నేల తడిసి ఉంటే మరీ తగ్గుతుంది.

నేలను గడులుగా విభజించి వాతావరణాన్ని లెక్కగట్టే కంప్యూటర్ నమూనా ఈ గెడ్డను విడిగా చూడగలదా? 2025 మే నెలలో మన దేశం ప్రారంభించిన అటువంటి నమూనా భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్‌లో ఒక్కో గడి వెడల్పు 6 కిలోమీటర్లు, అంటే 36 చదరపు కిలోమీటర్లు. అంతకు ముందున్న 12 కిలోమీటర్ల గడుల కంటే ఇది ఎంతో మెరుగు. అయినా మన గెడ్డ, దాని కొండ, పక్క లోయ అన్నీ కలిసి ఆ ఒక్క గడిలోనే ఇమిడిపోతాయి. అందువల్ల రెండు మూడు రోజుల ముందటి సూచనను ‘వాన పడే వాతావరణం ఉంది’ అన్నంతవరకే తీసుకోవడం మంచిదని నా అభిప్రాయం.

ఆ రోజు మధ్యాహ్నం నుంచి చూడవలసింది మూడు గంటలకోసారి వచ్చే తక్షణ సూచన. దీనికి వాన మేఘాలను పసిగట్టే విశాఖపట్నం డాప్లర్ రాడార్ ప్రధాన ఆధారం. అర డిగ్రీ కోణంలో వెలువడే రాడార్ కిరణం 100 కిలోమీటర్లు పోయేసరికి ఆ కోణం, భూమి వంపు రెండింటి వల్ల దాదాపు ఒకటిన్నర కిలోమీటరు ఎత్తుకు చేరుతుంది. మధ్యలో కొండ అడ్డు వస్తే దాని వెనుక ఏముందో కనిపించదు. విశాఖ నుంచి సాలూరు నేరుగా సుమారు 90 కిలోమీటర్లు. కాబట్టి రాడార్ చిత్రంలో లోయ మీద రంగు లేనంత మాత్రాన అక్కడ వాన లేదని తేల్చుకోకూడదు.

నేల తడిని కూడా లెక్కలోకి తీసుకునే ఆకస్మిక వరద మార్గదర్శక వ్యవస్థ 2020 నుంచి దక్షిణాసియా దేశాలకు అందుబాటులో ఉంది. అది ఆరు గంటల ముప్పును, 24 గంటల అవకాశాన్ని చిన్న చిన్న పరీవాహక ప్రాంతాల వారీగా చెబుతుంది.

నాగావళి, వంశధార సంగతి వేరు. రెండూ ఒడిశా కొండల్లో పుట్టి చాలా దూరం ప్రవహించి వస్తాయి కనుక, ఎగువన నీటిమట్టం చూసి శ్రీకాకుళాన్ని గంటల ముందే హెచ్చరించే వీలుంది. గెడ్డకు అంత వ్యవధి ఉండదు. అందుకే కొండ మీది పల్లెలో వాన కొలిచే సాధనం ఒకటి ఉండాలి. నిలువు గోడల డబ్బాను చెట్టుకూ చూరుకూ దూరంగా ఆరుబయట పెట్టి, అందులో చేరిన నీటి ఎత్తును స్కేలుతో కొలిస్తే అదే మిల్లీమీటర్ల లెక్క. అరగంటలో మూడు సెంటీమీటర్లు నిండిందంటే కింది ఊరికి ఫోన్ చేయవలసిందే. ఫోన్ అందుకున్నవారు ముందుగా గెడ్డలో ఉన్న పశువులను, ఇసుక ట్రాక్టర్లను గట్టు ఎక్కించాలి. తేట నీరు ఎర్రబడి ఆకులు, పుల్లలు కొట్టుకొస్తుంటే ఇక వస్తువుల కోసం దిగకూడదు. కాజ్‌వే మీద అడుగు లోతు ప్రవాహం చిన్న కారును తేల్చేయగలదు, రెండడుగులైతే చాలా వాహనాలను లాక్కుపోగలదు. రాత్రిపూట ఆ లోతు కంటికి తెలియదు కాబట్టి, నీరు తగ్గేదాకా ఇవతలి గట్టునే ఆగాలి.