లారీ డ్రైవర్లు ఏకమైతే జీతాలు పెరుగుతాయా?

[స్క్రీన్ మీద: 2024 జనవరి 2, హైదరాబాద్. పెట్రోల్ బంకు ముందు రోడ్డు మలుపు దాకా బండ్ల లైను]

నమస్తే. 2024లో కొత్త సంవత్సరం వచ్చిన రెండో రోజే మన సిటీ మొత్తం బంకుల ముందు లైను కట్టింది, గుర్తుందా? చంచల్‌గూడలో ఓ డెలివరీ కుర్రాడు బండి పక్కన పెట్టి గుర్రమెక్కి పార్సిల్ ఇవ్వడానికి వెళ్లిన వీడియో దేశమంతా తిరిగింది. దీనికంతటికీ కారణం ఒక్కటే. ఆయిల్ ట్యాంకర్ల డ్రైవర్లు స్టీరింగ్ వదిలేశారు.

వాళ్ల భయం ఐపీసీ స్థానంలో తెచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 106(2) సెక్షన్ గురించి. నిర్లక్ష్యంగా నడిపి మనిషి ప్రాణం పోవడానికి కారణమై, పోలీసులకు గానీ మేజిస్ట్రేట్‌కు గానీ చెప్పకుండా వెళ్లిపోతే పదేళ్ల దాకా జైలు అంటుంది ఆ సెక్షన్. పాత ఐపీసీ 304ఏలో గరిష్ఠ శిక్ష రెండేళ్లే. ఆగితే జనం కొడతారు, ఆగకపోతే పదేళ్లు లోపలేస్తారు, మరి మేమేం చేయాలి అని డ్రైవర్లు అడిగారు. ఆ సాయంత్రమే కేంద్ర హోం కార్యదర్శి ఆలిండియా మోటార్ ట్రాన్స్‌పోర్ట్ కాంగ్రెస్ ప్రతినిధులతో కూర్చొని, మిమ్మల్ని సంప్రదించాకే ఆ సెక్షన్ అమలు చేస్తామని మాటిచ్చారు. ఆ ఏడాది జులై 1న సంహిత అమల్లోకి వచ్చినప్పుడు 106(2)ను మాత్రం పక్కన పెట్టారు.

అంటే డ్రైవర్లు ఏకం కాగలరు. రెండు రోజుల్లో ఢిల్లీని కదిలించగలరు. మరి బత్తా పెంచమని, నిద్రకు టైమివ్వమని, ఇదే ఊపుతో ఎందుకు అడగలేకపోతున్నారు?

[స్క్రీన్ మీద: డ్రైవర్, ఓనర్, ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు, సరుకు పంపే కంపెనీ. నలుగురి మధ్య బాణం గుర్తులు]

ఆ సాయంత్రం చర్చల్లో కూర్చున్న సంఘం డ్రైవర్లది కాదు, ట్రాన్స్‌పోర్టర్లది. లారీలున్నవాళ్ల సంఘం. జైలు భయం వచ్చినప్పుడు ఓనరూ డ్రైవరూ ఒకే వైపు నిలబడ్డారు, ఎందుకంటే డ్రైవర్లు బండి ఎక్కకపోతే ఓనర్ కూడా మునుగుతాడు. జీతం మాట వచ్చేసరికి అదే ఓనర్ బల్లకు అవతలి వైపు ఉంటాడు. అందుకే జనవరి సమ్మె చూసి డ్రైవర్లకు బలమైన సంఘం ఉందనుకోవడం తొందరపాటు అవుతుందని నా అభిప్రాయం.

ఇక పైసల లెక్క దగ్గరికి వద్దాం. ట్రిప్పు ముగించుకొని వచ్చిన డ్రైవర్ ఓనర్ ముందు చిన్న నోటుబుక్కు తెరుస్తాడు. అడ్వాన్సుగా తీసుకున్నదెంత, డీజిల్ ఎంత, పంక్చర్ ఎంత, సరుకు మీద టార్పాలిన్ పట్టా కట్టినందుకు ఎంత, హమాలీలకు ఎంత, దారిలో మామూళ్లు ఎంత. బండికి ఇంత మైలేజీ రావాలని ముందే మాట ఉంటుంది. అంతకన్నా డీజిల్ ఎక్కువ తాగితే డ్రైవర్ ఖాతాలోనే కోత. సరుకు తగ్గితే ఆ షార్టేజీ కూడా చాలాచోట్ల అతని నెత్తినే. ఇన్ని లెక్కలున్న ఆ పుస్తకంలో ఒక్కటి మాత్రం కనిపించదు. లోడు ఎత్తే, దించే చోట గేటు బయట ఎన్ని గంటలు పడిగాపులు పడ్డాడో ఎవరూ రాయరు.

ఆ గంటలు ఎలా ఉంటాయో చూడాలంటే పొద్దున్నే వనస్థలిపురం ఆటోనగర్ వైపు గానీ, ఔటర్ రింగు రోడ్డు సర్వీసు రోడ్ల మీదికి గానీ వెళ్లండి. పగలు పెద్ద లారీలకు సిటీలోకి నో ఎంట్రీ. తెల్లారాక చేరిన బండి రాత్రి దాకా బయటే. లారీ నీడలో చిన్న గ్యాస్ స్టవ్ మీద అన్నం ఉడుకుతుంటుంది. నీళ్లు క్యాన్లో తెచ్చుకున్నవే. బాత్రూం ఎక్కడో వెతుక్కోవాలి. కన్ను మూస్తే డీజిల్ దొంగలు ట్యాంకు మూత తీస్తారేమోనన్న భయం. దాన్ని విశ్రాంతి అంటే నేను ఒప్పుకోను. అది డ్యూటీయే, కాకపోతే పైసలు రాని డ్యూటీ. ట్రిప్పుకింత అని మాట్లాడుకున్న డ్రైవర్‌కు బండి తిరిగితేనే పైసలు. అందుకే ఇక్కడ పోగొట్టుకున్న టైమును రాత్రి రోడ్డు మీద రాబట్టుకోవాలని చూస్తాడు. మనం మర్నాడు పేపర్లో నిద్రమత్తు అని చదివే యాక్సిడెంట్లకు మూలం చాలాసార్లు ఈ పడిగాపుల దగ్గరే ఉంటుంది.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 1961 నాటి మోటార్ ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు ఎనిమిది గంటలు, వారానికి నలభై ఎనిమిది గంటలు అంది. వారానికో సెలవు, ఓవర్‌టైముకు రెట్టింపు కూలీ అంది. కానీ ఐదుగురు, అంతకన్నా ఎక్కువ మంది కార్మికులున్న సంస్థలకే అది వర్తించేది. మన రోడ్ల మీద తిరిగే లారీల్లో చాలా భాగం ఒకటి రెండు బండ్లున్న చిన్న ఓనర్లవి. అంటే ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్లే చట్టం బయట మిగిలారు. ఆ చట్టాన్ని తనలో కలుపుకున్న వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చింది. అందులో ఈ గీత ఐదు నుంచి పదికి పెరిగింది. దీని మీద పెద్దగా చర్చే జరగలేదు. జరగాల్సింది.

మంచి మార్పులూ లేకపోలేదు. 2025 అక్టోబర్ 1 తర్వాత తయారయ్యే మధ్య, భారీ లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు. మే నెలలో సూర్యాపేట దాటేసరికి ఇంజిన్ వేడికి క్యాబిన్ ఎలా కాగిపోతుందో తెలిసినవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. అయితే 2018లో నేషనల్ పర్మిట్ బండ్లకు ఇద్దరు డ్రైవర్లు ఉండాలన్న నిబంధన తీసేశారు. ఏసీ వచ్చినా స్టీరింగ్ ముందు ఒక్కడే.

[స్క్రీన్ మీద: ఆర్టీసీ డిపో గేటు]

సమ్మె అనగానే మనకు తెలంగాణ ఆర్టీసీ గుర్తొస్తుంది. 2019 అక్టోబర్ 5న మొదలై 52 రోజులు, దాదాపు 48 వేల మంది. ఆర్టీసీని ప్రభుత్వంలో కలపమని అడిగిన విలీనం అప్పుడు దక్కలేదు, చాలా కుటుంబాలు నలిగిపోయాయి, విలీనం బిల్లు అసెంబ్లీలో పాసైంది 2023లో. కానీ అన్ని రోజులు వాళ్లు ఒక్కటిగా ఎలా నిలబడ్డారు? యజమాని ఒక్కడే. రోజూ కలుసుకునే డిపో గేటు ఉంది. లారీ డ్రైవర్‌కు ఆ రెండూ లేవు. ఓనర్ నల్గొండలో, లోడు కుదిర్చిన ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు ఆటోనగర్‌లో, కంపెనీ పటాన్‌చెరులో, డ్రైవర్ ఇల్లేమో బిహార్‌లో. ఎవరి మీద సమ్మె చేయాలి? రెండు లారీల ఓనర్ మీద చేస్తే అతనూ ఫైనాన్స్ కిస్తీ కట్టలేక సతమతమవుతున్నవాడే. వేరే డ్రైవర్‌ను పెట్టుకుంటాడు, కథ ముగుస్తుంది.

కాబట్టి నేను చెప్పదలచుకున్నది ఇది: డ్రైవర్ల డిమాండ్ కిరాయి చెల్లించే కంపెనీ గేటు దాకా వెళ్లాలి. ఓనర్ దగ్గర ఆగిపోతే ఇద్దరు పేదవాళ్ల గొడవగానే మిగులుతుంది.

దక్షిణ కొరియాలో డ్రైవర్లు సరిగ్గా ఈ దారే పట్టారు. 2020లో కంటైనర్, సిమెంటు రవాణాకు ‘సేఫ్ రేట్’ అని కనీస కిరాయి వచ్చింది. అంతకన్నా తక్కువ ఇస్తే జరిమానా. మూడేళ్ల గడువుతో పెట్టిన ఆ పద్ధతిని కొనసాగించమని 2022లో జూన్‌లో, మళ్లీ నవంబర్‌లో బండ్లు ఆపారు. రెండోసారి ప్రభుత్వం పనిలోకి రండని ఆర్డరే ఇచ్చింది. ఆ ఏడాది చివరికి సేఫ్ రేట్ పోయింది. వాళ్లు పట్టు వదల్లేదు. 2025లో మళ్లీ చట్టం చేయించుకున్నారు.

చెల్లాచెదురుగా ఉన్నవాళ్లు కలవలేరన్న మాటకు జర్మనీలో జవాబుంది. 2023 వసంతంలో గ్రేఫెన్‌హౌజెన్ అనే చోట హైవే పక్కన అరవైకి పైగా లారీలు ఆగిపోయాయి. డ్రైవర్లు జార్జియా, ఉజ్బెకిస్తాన్ లాంటి దేశాలవాళ్లు, యజమాని పోలండ్ కంపెనీ. ఒకే భాష లేదు. బకాయి జీతాలు అందరికీ ఇచ్చేదాకా బండ్లు అప్పగించమన్నారు. కంపెనీ ప్రైవేటు సెక్యూరిటీని దింపినా కదల్లేదు. వారాల తర్వాత దాదాపు మూడు లక్షల యూరోలు చేతికొచ్చాయి. వాళ్లను కలిపింది ఆ పార్కింగ్ స్థలమే.

మనకూ అలాంటి చోట్లున్నాయి. చర్లపల్లిలో ఆయిల్ టెర్మినళ్లు, సనత్‌నగర్‌లో కంటైనర్ డిపో, హుజూర్‌నగర్ వైపు సిమెంటు ఫ్యాక్టరీలు. అక్కడ రోజూ అవే ముఖాలు కనిపిస్తాయి. ట్యాంకర్ల డ్రైవర్లు అంత త్వరగా ప్రభావం చూపించడానికి కారణం కూడా అదే: కొద్ది గేట్లు, ఆగితే వెంటనే తెలిసే సరుకు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. పంజాబ్‌లో లారీ యూనియన్లు బయటి బండ్లను లోడు ఎత్తనివ్వకుండా అడ్డుకుంటున్నాయని 2017లో ప్రభుత్వం వాటిని రద్దు చేసింది. అవి ఓనర్ల గుత్తాధిపత్యం. డ్రైవర్ల సంఘం బిహార్ డ్రైవర్‌ను, యూపీ డ్రైవర్‌ను కూడా తనవాడనుకుంటేనే నిలుస్తుంది, ఎందుకంటే గేటు బయట లైనులో మన పక్కన ఉండేది వాళ్లే.

సంఘం రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టడానికి ఏడుగురు చాలు. సభ్యత్వం మాత్రం వంద మంది, లేదా ఆ సంస్థలోనో పరిశ్రమలోనో ఉన్న కార్మికుల్లో పదో వంతు, ఈ రెండిట్లో ఏది తక్కువైతే అంత ఉండాలి. కొత్త పారిశ్రామిక సంబంధాల కోడ్ ప్రకారం సమ్మెకు పద్నాలుగు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మొదటి డిమాండ్ ఏది కావాలంటే, జీతం కన్నా ముందు ఇది అడగమంటాను: బండి గేటు దగ్గరికి వచ్చిన టైము, బయటికి వెళ్లిన టైము ఎల్‌ఆర్ (లారీ రసీదు) కాపీ మీద రాసి స్టాంపు వేయాలి. ఖర్చు లేని పని కాబట్టి కాదనడం కష్టం. ఆ టైము కాగితం మీదికి వచ్చాకే, బండి ఆగినందుకు ఇచ్చే హాల్టింగ్ పైసల్లో డ్రైవర్ వాటా అడగడానికి ఆధారం దొరుకుతుంది. ఓనర్ కూడా ఈ డిమాండ్ మీద సంతకం పెడతాడు, ఎందుకంటే ఆగిన బండి అతనికీ నష్టమే.

ఈ వీడియో చూస్తున్న లారీ డ్రైవరన్నలూ, మీరు లోడుకు వెళ్లే చోట ఎంతసేపు ఆపుతున్నారో, హాల్టింగ్ పైసలు ఎవరి చేతికి వెళ్తున్నాయో కింద రాయండి. ఊరు, సరుకు చాలు. మీ పేరు, బండి నంబరు రాయకండి.