పచ్చగుడ్డ నడిపే బంతి

శ్రోతలకు నమస్కారం.

పూల్, స్నూకర్, బిలియర్డ్స్ ఆటలు టీవీలో వచ్చినప్పుడు తెల్లబంతి మీదే చూపు నిలిపి చూడండి. అది వెళ్లి రంగు బంతిని ఎదురుగా ఢీకొడుతుంది. ఒకసారి తగిలినచోటే ఆగిపోతుంది. మరోసారి రంగు బంతి వెనకే సాగిపోతుంది. ఇంకోసారి వచ్చిన దారినే వెనక్కి మళ్లుతుంది. మూడుసార్లూ బంతులు అవే, గురి అదే. మరి తేడా ఎక్కడినుంచి వచ్చింది?

ఈ ఆట అంతా కోణాల లెక్క అని చాలామంది అనుకుంటారు. కోణాలు కావలసిందే. కానీ నా దృష్టిలో అసలు పనిమంతురాలు బల్ల మీద పరిచిన గుడ్డ. ఆ గుడ్డకు ఘర్షణ అనేదే లేకపోతే నేను చెప్పిన మూడింటిలో ఒక్కటే మిగులుతుంది. ఎదురుగా తగిలిన ప్రతిసారీ తెల్లబంతి ఆగిపోతుంది, అంతే.

ఆటగాడు బంతిని కొట్టే క్యూ కర్ర కొన దాన్ని తాకి ఉండేది సెకనులో సుమారు వెయ్యో వంతు కాలం. ఆ కాస్తలో ఆటగాడు బంతికి ఇవ్వగలిగేవి రెండే: వేగం, భ్రమణం. ఆ తర్వాత బంతి అతని చేతిలో లేదు, గుడ్డ చేతిలో ఉంది.

బంతిని సరిగ్గా నడిమధ్యన కొట్టామనుకుందాం. అది వెంటనే దొర్లదు. ముందు తిరగకుండా జారుతుంది. జారుతున్న బంతి అడుగుభాగాన్ని గుడ్డ వెనక్కి లాగుతుంది. ఆ లాగుడుతో వేగం తగ్గుతుంది, బంతి ముందుకు తిరగడమూ మొదలవుతుంది. తగ్గే వేగానికీ పెరిగే భ్రమణానికీ పొత్తు కుదిరినచోట జారుడు ఆగిపోయి దొర్లుడు మొదలవుతుంది. అప్పటికి బంతికి మిగిలే వేగం ఎంతో తెలుసా? మొదటి వేగంలో సరిగ్గా ఏడింట ఐదు వంతులు. మెల్లగా కొట్టినా, గట్టిగా కొట్టినా, గుడ్డ కొత్తదైనా, అరిగినదైనా ఇదే లెక్క. గరుకు గుడ్డ మీద త్వరగా, నున్నటి గుడ్డ మీద ఆలస్యంగా, చేరేది మాత్రం అక్కడికే. సెకనుకు 2 మీటర్ల వేగంతో బయలుదేరిన బంతి సుమారు అర మీటరు జారాక గానీ దొర్లదు. అసలు జారకుండా మొదటినుంచీ దొర్లాలంటే బంతి ఎత్తులో పదింట ఏడు వంతుల దగ్గర కొట్టాలి.

ఇక ఢీకొనే ఘట్టానికి వద్దాం. సమానమైన బరువున్న బంతులు ఎదురెదురుగా తగిలితే తెల్లబంతి ముందుకు పోయే వేగం దాదాపు మొత్తం రంగు బంతికి బదిలీ అవుతుంది. భ్రమణం మాత్రం బదిలీ కాదు. బంతులు నున్నగా ఉంటాయి, తాకి ఉండే సమయం మరీ తక్కువ, అందుకని తెల్లబంతి భ్రమణం తెల్లబంతికే మిగిలిపోతుంది. బురదలో దిగబడిన బండి చక్రంలా అది ఒక క్షణం ఉన్నచోటే తిరుగుతుంది. అప్పుడు గుడ్డ దాన్ని పట్టుకుంటుంది. ముందువైపు తిరుగుతుంటే ముందుకు నడుపుతుంది, వెనకవైపు తిరుగుతుంటే వెనక్కి లాక్కొస్తుంది. భ్రమణమే లేకపోతే బంతి ఆగిపోతుంది. మన మూడు దెబ్బల రహస్యం ఇదే.

ఇందులోనూ ఒక ముచ్చటైన లెక్క ఉంది. దొర్లుతూ వచ్చిన తెల్లబంతి ఎదురుగా ఢీకొంటే, అది వచ్చిన వేగంలో చివరికి దానికి ఏడింట రెండు వంతులు, రంగు బంతికి ఏడింట ఐదు వంతులు దక్కుతాయి.

బంతులు పక్కగా తగిలితే ఏమవుతుంది? భ్రమణం లేని తెల్లబంతి, రంగు బంతి ఒకదానికొకటి లంబకోణంలో విడిపోతాయి. బరువులు సమానం కాబట్టి శక్తి లెక్క రాస్తే పాఠశాలలో చదువుకున్న పైథాగరస్ సూత్రమే ప్రత్యక్షమవుతుంది. అయితే దొర్లుతూ వచ్చిన తెల్లబంతి లంబకోణంలో బయలుదేరినా, దాని ముందు భ్రమణం దాన్ని వంపు తిప్పి ముందుకు లాగుతుంది. రంగు బంతికి మరీ నిండుగానో, మరీ అంచునో తగిలితే తప్ప అది తన పాత దారినుంచి సుమారు 30 డిగ్రీలే పక్కకు మళ్లుతుంది. తగిలే చోటు కాస్త అటూ ఇటూ అయినా ఈ కోణం పెద్దగా మారకపోవడం ఆటగాళ్లకు గొప్ప ఆసరా. తెల్లబంతి తర్వాత ఎక్కడికి చేరుతుందో ముందే అంచనా వేయడానికి ఇదే ఆధారం.

కర్ర దెబ్బతోనే భ్రమణం ఇవ్వాలంటే బంతిని మధ్యకు దూరంగా కొట్టాలి. ఉత్త కర్ర కొన అలా కొడితే జారిపోయేది. ఫ్రెంచి సైనికాధికారి మింగో 19వ శతాబ్దం తొలినాళ్లలో క్యూ కొనకు తోలు బిళ్ల అమర్చి ఆట తీరునే మార్చేశాడు. ఆ తోలుకు రాసే చాక్ పట్టును ఇంకా పెంచుతుంది. అయినా హద్దు ఉంది. మధ్యనుంచి దాదాపు సగం వ్యాసార్ధం దాటితే కొన జారి దెబ్బ తప్పుతుంది.

ఈ ఆటకు పూర్తి గణితం రాసినవాడు ఫ్రెంచి శాస్త్రవేత్త గాస్పార్ కొరియోలిస్. భూభ్రమణం వల్ల గాలులు పక్కకు మళ్లడాన్ని వివరించే బలానికి ఉన్న పేరు ఆయనదే. బిలియర్డ్స్ మీద ఆయన గ్రంథం 1835లో వెలువడింది. అందులో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాసే దెబ్బ గురించిన ఫలితం. క్యూను నిటారుగా ఎత్తి, బంతి పక్కభాగాన్ని పైనుంచి కొడితే అది వంపు తిరిగిపోతుంది. జారుతున్నంతసేపూ ఆ వంపు ఒక పరావలయం, అంటే విసిరిన రాయి గాలిలో గీసే వంపులాంటిది. ఆ తర్వాత తిన్నటి గీత. ఆ గీత ఏ దిక్కుకు పోతుందో కొట్టకముందే చెప్పవచ్చు. క్యూ కర్ర గీతను బంతిలోంచి కిందికి పొడిగిస్తే అది గుడ్డను ఒకచోట తాకుతుంది. బంతి ఆనుకుని ఉన్న చోటునుంచి ఆ చోటుకు గీత గీయండి. బంతి చివరికి పట్టే దిక్కు అదే. గట్టిగా కొడితే వంపు పెద్దదవుతుంది, గుడ్డ నున్నగా ఉంటే మలుపు ఆలస్యమవుతుంది, దిక్కు మాత్రం మారదు.