స్టూడియో చర్చ: ఎస్ఎంపీఎస్ పోతే పీసీ మొత్తం పారేయాలా?

యాంకర్: చిన్న సైజు బ్రాండెడ్ డెస్క్‌టాప్‌లో ఎస్ఎంపీఎస్, అంటే లోపలి భాగాలకు కరెంటు ఇచ్చే డబ్బా, కాలిపోతే బజార్లో దొరికేది పట్టట్లేదని కొన్నవాళ్లు మండిపడుతున్నారు. సార్, దీనికి చట్టం కావాలా?

టెక్నీషియన్: చట్టం సంగతి తర్వాత, ముందు కొలతలు చూడండి. ఏటీఎక్స్ అనే ప్రమాణం ప్రకారం చేసిన మామూలు ఎస్ఎంపీఎస్ వెడల్పు 150 మి.మీ., ఎత్తు 86. ఏ కంపెనీది తెచ్చినా అవే స్క్రూలు, అదే 24 పిన్నుల కనెక్టర్. ఈ చిన్న డబ్బాల్లో ఆకారమే వేరు. చాలా మోడళ్లలో 6 పిన్నో, 8 పిన్నో...

డీలర్: టేబుల్ మీద చోటు కలిసొస్తుందనే ఆఫీసులవాళ్లు అవి—

టెక్నీషియన్: ఆగండి సార్, పూర్తి చేయనివ్వండి! అడాప్టర్ పెట్టి నెట్టుకొద్దామంటే పిన్నుల వరుస అన్నిట్లో ఒకటి కాదు. తప్పు అడాప్టర్ పడితే మదర్‌బోర్డే పోతుంది. గ్రాఫిక్స్ కార్డు వేద్దామన్నా సగం ఎత్తు లో ప్రొఫైల్ కార్డే పడుతుంది.

యాంకర్: అంటే చట్టం కావాలంటారు!

డిజైనర్: ఒక్క మాటండీ. పెద్ద క్యాబినెట్ అయినంత మాత్రాన చాలదు. ప్రాసెసర్ వెనక, బోర్డు బిగించే ప్లేటుకు కోత ఉండాలి. లేకపోతే కూలర్‌ను బోర్డు వెనక నుంచి పట్టి ఉంచే బ్యాక్‌ప్లేట్ మార్చడానికి బోర్డంతా ఊడదీయాలి.

టెక్నీషియన్: ఊడదీసి ఇంకో సైజు బోర్డు బిగిస్తే, రంధ్రం లేని చోట పాత స్టాండాఫ్, అంటే బోర్డును ఎత్తి పట్టే చిన్న లోహపు మేకు, ఒక్కటి మిగిలినా అడుగున తగిలి షార్ట్!

డీలర్: గాజు తలుపు, లైట్లు అడిగేది కస్టమరే కదా?

టెక్నీషియన్: గాజు సంగతీ చెప్తా. టైల్స్ మీద అంచు తగిలిందా, ముక్కలే. గ్రాఫిక్స్ కార్డుకూ గాజుకూ మధ్య జాగా చూడకుండా మూస్తే 16 పిన్నుల పవర్ వైరు కనెక్టర్ దగ్గరే మడత పడుతుంది. మొదటి 35 మి.మీ. వంచకూడదు. పిన్ను సరిగా కూర్చోకపోతే వేడెక్కి కనెక్టర్ కరుగుతుంది.

యాంకర్: కేంద్రం 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్, అంటే కొన్న వస్తువును బాగు చేయించుకునే హక్కు, పోర్టల్ తెచ్చింది. పోర్టల్ చాలదు, చట్టమే కావాలి. అంతేనా?

డిజైనర్: దుమ్ము గురించి ఎవరూ మాట్లాడట్లేదు. ఎస్ఎంపీఎస్ కింద దుమ్ము ఆపే జాలి ముందు నుంచి లాగేలా ఉండాలి. వెనక నుంచి అయితే వైర్లు పీకి క్యాబినెట్ జరపాలి కాబట్టి ఎవరూ కడగరు. జాలి పూడుకుపోయి—

టెక్నీషియన్: మేడమ్, అవన్నీ తర్వాత! ముందు ఎస్ఎంపీఎస్, బోర్డు ప్రమాణం ప్రకారం ఉండాలి. మళ్లీ చెప్తున్నా, 150, 86, 24 పిన్నులు!

డీలర్: విడిభాగాలు కంపెనీ దగ్గర దొరుకుతాయండీ. నన్ను అసలు—

టెక్నీషియన్: ఎన్నాళ్లు దొరుకుతాయి? మోడల్ ఆపేశాక?

యాంకర్: సార్ పాయింట్ స్పష్టంగా ఉంది. చట్టం రావాల్సిందేనా? చిన్న విరామం.

డీలర్: నా మాట పూర్తి కాలేదండీ—