దిష్టిబొమ్మ నుంచి 879 విజయాల దాకా: కోచ్ డీన్ స్మిత్ కథ

[దృశ్యం: చలికాలపు రాత్రి, కాలేజీ జిమ్ ముందు ఆగిన బస్సు]

1965 జనవరి. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం బాస్కెట్‌బాల్ జట్టు వేక్ ఫారెస్ట్ చేతిలో చిత్తుగా ఓడిపోయి, బస్సులో చాపెల్ హిల్‌కి తిరిగొచ్చింది. జిమ్ దగ్గర ఒక దిష్టిబొమ్మ వేలాడుతోంది. సొంత కాలేజీ విద్యార్థులే తమ కోచ్‌కి ఉరి వేశారు. జట్టులో మేటి ఆటగాడు బిల్లీ కన్నింగ్‌హామ్ బస్సు దిగి, గబగబా వెళ్లి దాన్ని లాగి పారేశాడు.

ఆ కోచ్ డీన్ స్మిత్. అప్పటికి ఆయన వయసు 33. తర్వాతి మ్యాచ్ బద్ధశత్రువు డ్యూక్ విశ్వవిద్యాలయంతో, అదీ వాళ్ల గడ్డ మీద. గెలిచారు. ఆ తర్వాత ఇంకో 32 ఏళ్లు ఆయన అదే కుర్చీలో కూర్చున్నారు.

[దృశ్యం: వేల మందితో కిక్కిరిసిన ఇండోర్ స్టేడియం]

ముందు ఈ ఉద్యోగం ఏమిటో చూద్దాం. మన దగ్గర కాలేజీ ఆట అంటే పీడీ సారు, సాయంత్రం ప్రాక్టీసు, ఏడాదికోసారి టోర్నమెంటు. అమెరికాలో కాలేజీ బాస్కెట్‌బాల్‌కి ఒక్కో మ్యాచ్‌కి ఇరవై వేల మంది వచ్చే స్టేడియాలున్నాయి. హెడ్ కోచ్ పని కోర్టు మీద మొదలవదు, ఎవరో తల్లిదండ్రుల ఇంట్లో మొదలవుతుంది. పదిహేడేళ్ల కుర్రాడి అమ్మానాన్నల ఎదురుగా కూర్చుని, మీ అబ్బాయిని నాకు అప్పగించండి అని అడగాలి. దీన్నే రిక్రూటింగ్ అంటారు. ఇంతా చేసి తీర్చిదిద్దిన కుర్రాడు నాలుగేళ్లకి వెళ్లిపోతాడు. ఏటా కొత్త పిల్లలు, ఏటా అదే టెన్షన్.

స్మిత్‌కి ఈ పని రక్తంలోనే ఉంది. పుట్టింది 1931లో, కాన్సస్ రాష్ట్రంలోని ఎంపోరియాలో. తండ్రి ఆల్ఫ్రెడ్ హైస్కూల్ కోచ్. 1930లలో, ఎదురుమాటలు ఎన్ని వచ్చినా, ఒక నల్లజాతి కుర్రాడిని జట్టులో ఆడించిన మనిషి. కొడుకు కాన్సస్ విశ్వవిద్యాలయంలో ఫాగ్ అలెన్ దగ్గర ఆడి, 1952లో జాతీయ చాంపియన్ జట్టులో ఉన్నాడు. ఆ అలెన్ గురువు ఎవరో తెలుసా? జేమ్స్ నైస్మిత్. 1891లో బాస్కెట్‌బాల్‌ని కనిపెట్టినాయన. సంగీతంలో మనం గురుశిష్య పరంపర అంటామే, సరిగ్గా అలాంటిదే ఇది.

1961లో నార్త్ కరోలినా హెడ్ కోచ్ ఫ్రాంక్ మెగ్వైర్ వెళ్లిపోయాడు. రిక్రూటింగ్ నియమాలు తప్పినందుకు జట్టుకి అప్పటికే శిక్ష పడింది. చాన్సలర్ విలియం ఏకాక్, ముప్పై ఏళ్ల అసిస్టెంట్ స్మిత్‌ని పిలిచి పగ్గాలిచ్చారు. నియమాలు పాటిస్తూ నడపాలన్నదే ఆయన ముఖ్యమైన షరతు. మొదటి ఏడాది 8 గెలుపులు, 9 ఓటములు. ఇవాళ అలాంటి మొదలుతో, నాలుగో ఏడాదిలో దిష్టిబొమ్మతో, ఏ కోచ్‌కైనా ఉద్యోగం నిలుస్తుందా? నాకైతే నమ్మకం లేదు.

[దృశ్యం: నల్లబల్ల మీద రెండు జట్ల లెక్కలు]

ఆయన ఆటని చూసిన తీరు కొంచెం ఆగి అర్థం చేసుకోవాలి. అందరూ మ్యాచ్‌కి ఎన్ని పాయింట్లు అని లెక్కేసే రోజుల్లో, బంతి మన చేతికొచ్చిన ప్రతిసారీ సగటున ఎన్ని పాయింట్లు రాబట్టాం అని ఆయన లెక్కేశారు. ఒక జట్టుకి బంతి 100 సార్లు దక్కింది, 80 పాయింట్లు చేసింది. ఇంకో జట్టుకి 60 సార్లే దక్కింది, 60 చేసింది. చూడ్డానికి మొదటిదే గొప్ప. కానీ దొరికిన అవకాశాన్ని బాగా వాడుకున్నది రెండోదే. ఇప్పుడు ఈ ఆటలో గణాంకాలు చూసేవాళ్లందరికీ ఇది ఓనమాలు.

ఇంకొకటి 'ఫోర్ కార్నర్స్'. ఆధిక్యంలో ఉన్నప్పుడు నలుగురు నాలుగు మూలలకి పోతారు, నడుమ ఒకడు బంతి ఆడిస్తూ సమయం గడిపేస్తాడు. 1970లలో ఆ నడుమ పాత్రలో ఫిల్ ఫోర్డ్‌ని పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు. ఎదుటి జట్ల అభిమానులకి మాత్రం ఒళ్లు మండేది. 1985-86 నుంచి కాలేజీ ఆటలో 45 సెకన్ల షాట్ క్లాక్, అంటే బంతి దక్కాక అంతలోపే బుట్టకి గురిపెట్టి వేయాలన్న నియమం, వచ్చిందంటే, దాని వెనక ఈ ఎత్తుగడ కూడా ఒక కారణం.

కానీ నాకు అన్నిటికన్నా నచ్చేది ఒక వేలు. బుట్టలో బంతి వేసినవాడు, తనకి పాస్ ఇచ్చినవాడి వైపు వేలు చూపించాలి. స్మిత్ జట్టులో అది నియమం. చప్పట్లు కొట్టే జనం కళ్లు ఆ రెండోవాడి మీదికి తిరగాలని. అలాగే అలసిపోయినవాడు పిడికిలి ఎత్తితే చాలు, బెంచికి పిలిచేవారు. ఊపిరి తీసుకున్నాక మళ్లీ ఎప్పుడు ఆటలోకి వెళ్లాలో ఆ కుర్రాడే నిర్ణయించుకునేవాడు. అలసట దాచుకోవాల్సిన అవసరం ఎవరికీ లేకుండా చేశారు.

1966లో చార్లీ స్కాట్‌ని చాపెల్ హిల్‌కి తెచ్చారు. ఆ విశ్వవిద్యాలయంలో స్కాలర్‌షిప్ మీద ఆడిన మొదటి నల్లజాతి ఆటగాడు అతనే. అమెరికా దక్షిణ ప్రాంతంలో, ఆ కాలంలో, గేలరీల్లోంచి ఎలాంటి మాటలు వినిపించేవో ఊహించుకోవచ్చు. స్కాట్ జట్టుని 1968లోనూ 1969లోనూ ఫైనల్ ఫోర్‌కి, అంటే జాతీయ టోర్నమెంటులో చివరికి మిగిలే నాలుగు జట్లలోకి, చేర్చాడు.

[దృశ్యం: న్యూ ఓర్లీన్స్ సూపర్‌డోమ్, 1982]

 స్మిత్ ఆరుసార్లు ఫైనల్ ఫోర్‌కి వెళ్లి, ఆరుసార్లూ కప్పు లేకుండానే తిరిగొచ్చారు. పెద్ద మ్యాచ్ గెలవలేడన్న మాట వెంటాడింది. ఏడోసారి, జార్జ్‌టౌన్‌తో ఫైనల్. ఒక్క పాయింటు వెనక ఉన్నారు, అర నిమిషం మిగిలింది. జట్టులో జేమ్స్ వర్తీ ఉన్నాడు, సామ్ పెర్కిన్స్ ఉన్నాడు. షాట్ మాత్రం మొదటి సంవత్సరం కుర్రాడికి దక్కింది. పంతొమ్మిదేళ్ల మైకేల్ జోర్డాన్ ఎడమ వైపు నుంచి ఎగిరి వేశాడు. 63-62. 1993లో రెండో టైటిల్.

1997లో తప్పుకునేనాటికి 879 విజయాలు. పురుషుల కాలేజీ ఆటలో అగ్రశ్రేణి డివిజన్‌లో అప్పటికి అదే రికార్డు. ఇప్పుడు చాపెల్ హిల్‌కి దగ్గర్లోని కేరీ, మోరిస్‌విల్‌లలో మన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అక్కడ ఉండి ఈ వీడియో చూస్తున్నవాళ్లు ఉంటే, మీ పిల్లలు వేసుకునే లేత నీలం చొక్కా ఈ జట్టుదే.

పాత ఆటగాళ్ల పేర్లే కాదు, వాళ్ల పిల్లల పేర్లు కూడా గుర్తుపెట్టుకునే మనిషిగా స్మిత్‌కి పేరు. అలాంటి మనిషికి చివరి ఏళ్లలో జ్ఞాపకశక్తిని హరించే జబ్బు వచ్చింది. 2013లో అమెరికా అధ్యక్షుడి చేతుల మీదుగా ఆ దేశపు అత్యున్నత పౌర పురస్కారం మెడల్ ఆఫ్ ఫ్రీడమ్ ఇచ్చినప్పుడు, భార్య లినియా వెళ్లి అందుకున్నారు. 2015 ఫిబ్రవరిలో ఆయన కన్నుమూశారు.

[దృశ్యం: తపాలా కవరు, అందులో ఒక చెక్కు]

కొన్ని వారాల తర్వాత, ఆయన జట్టులో ఆడిన దాదాపు 180 మందికి ఒక్కో ఉత్తరం అందింది. విలునామాలో రాసిపెట్టిన ప్రకారం, ఒక్కొక్కరికి 200 డాలర్ల చెక్కు. జోర్డాన్‌కీ అంతే, బెంచి మీదే ఎక్కువ కాలం గడిపినవాడికీ అంతే. కోచ్ తరఫున బయట ఎక్కడైనా హాయిగా భోజనం చేయండి అని అందులో ఉంది.