ఫుట్‌పాత్ ఉన్నా జనం రోడ్డు మీదే ఎందుకు నడుస్తారు?

(తెర మీద: ఉదయం ఎనిమిది గంటలు. రద్దీ రోడ్డు అంచున నడుస్తున్న మనుషులు. పక్కనే ఖాళీగా ఫుట్‌పాత్.)

ఈ దృశ్యం చూడగానే చాలామంది ఒకే మాట అంటారు. "ఫుట్‌పాత్ ఉంది కదా, రోడ్డు మీద ఎందుకు నడుస్తారు? మన జనానికి క్రమశిక్షణ లేదు." ఇంటికి వచ్చిన చుట్టాలు ఇదే అంటారు, బస్సులో పక్క సీటు వాళ్లు ఇదే అంటారు, చదువుకున్నవాళ్లు ఇంకా గట్టిగా అంటారు. విన్న ప్రతిసారీ నాకు కోపం వస్తుంది. ఆ కోపానికి కారణం ఈ వీడియోలో చెబుతాను.

పోయిన నెల మా అమ్మతో కలిసి ఇంటి నుంచి బస్టాపు దాకా నడిచాను. హైదరాబాద్‌లో ఒక మామూలు కాలనీ, ఆరు వందల మీటర్ల దూరం. అమ్మకు మోకాలి ఆపరేషన్ అయింది, డాక్టరు రోజూ నడవమన్నారు. నేను కొలత టేపు వెంట తీసుకెళ్లాను. మలుపు తిరగగానే ఫుట్‌పాత్ మొదలైంది. పన్నెండు అడుగులు వేశామో లేదో, ఒక ఇంటి గేటు వచ్చింది. కారు దిగడానికి వీలుగా అక్కడ ఫుట్‌పాత్‌ను కోసేసి, ఏటవాలుగా సిమెంటు పోశారు. అమ్మ నా భుజం పట్టుకుని పక్కకు తిరిగింది. ముందు ఎడమ కాలు కిందికి దించింది. కాసేపు ఆగి కుడి కాలు దించింది. అంచు ఎత్తు కొలిస్తే 28 సెంటీమీటర్లు. మన ఇళ్లలో మెట్టు ఎత్తుకు దాదాపు రెండింతలు. గేటు దాటగానే మళ్లీ అంత ఎత్తూ ఎక్కాలి. ఇలాంటివి ఆ ఆరు వందల మీటర్లలో పద్నాలుగు ఉన్నాయి. అయిదో గేటు దగ్గర అమ్మ ఏమీ అనకుండా రోడ్డు మీదికి దిగి, అంచు వెంట నడవడం మొదలుపెట్టింది. వెనక నుంచి స్కూటరు మీద వచ్చిన ఒకాయన హారన్ కొట్టి, "ఫుట్‌పాత్ మీద నడవవచ్చు కదమ్మా" అంటూ వెళ్లిపోయారు.

ఆయన చెడ్డవారేమీ కారు. ఆయన కంటికి ఫుట్‌పాత్ ఆనింది, గేట్లు ఆనలేదు, అంతే.

(తెర మీద: పంట కాలువ, వరి మడులు.)

మా తాతగారి పొలం కృష్ణా డెల్టాలో, దివిసీమ వైపు, కాలువ చిట్టచివర ఉండేది. కాలువ పొడవు ఎన్ని కిలోమీటర్లో చివరి భూముల రైతుకు అక్కర్లేదు. నీళ్లు తన మడి దాకా వచ్చాయా, లేదా? అంతే ఆయన లెక్క. పైన ఎక్కడో ఒక్క గండి పడితే చాలు, దిగువన కాలువను ఎంత చక్కగా కట్టినా అది ఎండిపోతుంది. నీళ్లు గండి దగ్గర పక్కకు పోతాయి. అప్పుడు ఏ ఇంజినీరూ నీళ్లను తిట్టడు. నీరు పల్లమెరుగు. వెళ్లి గండి పూడుస్తాడు.

నడిచే మనిషి కూడా అంతే. ఏ దారిలో తక్కువ శ్రమతో, తెగకుండా పోవచ్చో కాళ్లకు తెలుస్తుంది. మా వీధి ఫుట్‌పాత్‌కు పద్నాలుగు గండ్లు ఉన్నాయి. అమ్మ అయిదో గండి దగ్గర రోడ్డు మీదికి పారింది. ఇందులో అమ్మ తప్పు ఎక్కడుంది?

ఇది చిన్న అసౌకర్యం కాదు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే, వారిలో 32,825 మంది పాదచారులు. రోజుకు దాదాపు 90 మంది. ఇవి కేంద్ర రోడ్డు రవాణా శాఖ ప్రకటించిన లెక్కలు.

మరి ఫుట్‌పాత్ ఎలా ఉండాలో ఎవరూ రాయలేదా? రాశారు, చాలా వివరంగా రాశారు. మన దేశంలో రోడ్లకు ప్రమాణాలు రాసే సంస్థ ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ పాదచారుల సౌకర్యాలకోసమే ఒక ప్రమాణం తెచ్చింది, దాని పేరు ఐఆర్‌సీ 103. నడిచే భాగం వెడల్పు కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ఆ వెడల్పులో స్తంభం, చెట్టు, బోర్డు ఏదీ ఉండకూడదు. తలకు ఏమీ తగలకుండా పైన 2.2 మీటర్లు ఖాళీగా ఉండాలి. అంచు రాయి 15 సెంటీమీటర్లకు మించకూడదు. 1.8 మీటర్లే ఎందుకంటే, చక్రాల కుర్చీలు రెండు ఎదురైనా ఆగకుండా దాటిపోవాలి. చెట్లు, దీపస్తంభాలు, కరెంటు పెట్టెలు రోడ్డు వైపున విడి పట్టీలో ఉండాలి. దుకాణం మెట్లకు, మనుషులు ఆగి సరుకు చూడటానికి గోడ వైపు మరో పట్టీ ఉండాలి. నడక ఆ రెండింటి మధ్యలో సాగాలి. కాలువకు రెండు గట్లు ఉన్నట్టు.

మన ఊళ్లలో ఫుట్‌పాత్ అంత ఎత్తు ఎందుకు పెరిగిందో చూడండి. చాలాచోట్ల అది అసలు ఫుట్‌పాతే కాదు, మురుగు కాలువ మీది మూత. కాలువ గోడ ఎంత ఎత్తుంటే నడిచేవాళ్లు అంత ఎక్కాలి. దానికి తోడు, రోడ్డు వేసిన ప్రతిసారీ పాత తారును గీకకుండా దాని మీదే కొత్త పొర వేస్తారు. రోడ్డు మట్టం పెరుగుతుంది, వాన నీరు ఫుట్‌పాత్ మీదికి వస్తుంది, తరువాతి గుత్తేదారు ఫుట్‌పాత్‌ను ఇంకో అర అడుగు లేపుతాడు. ఎత్తుగా ఉంటే బండ్లు ఎక్కవు, భద్రం కదా అని కొందరు అంటారు. బండ్లు ఎలాగూ గేటు దగ్గరి ఏటవాలు మీదుగా ఎక్కేస్తాయి. ఎక్కలేనిది మా అమ్మే.

ఇప్పుడు గేటు దగ్గర ఏం చేయాలి? దీని మీద కొంచెం ఎక్కువసేపు ఉంటాను, ఎందుకంటే మొత్తం విషయం ఇక్కడే అర్థమవుతుంది. పల్లెలో పంట కాలువకు అడ్డంగా బండి దారి వచ్చినప్పుడు ఏం చేస్తారు? దారి కోసం కాలువను పూడుస్తారా? పూడ్చరు. కాలువ తన మట్టంలో తను పోతుంది, దాని మీద తూము కట్టి బండిని దాటిస్తారు. ఇబ్బంది పడితే బండి పడాలి, నీళ్లు ఆగకూడదు. ఫుట్‌పాత్‌కూ ఇదే సూత్రం. గేటు ముందు ఫుట్‌పాత్ అదే ఎత్తులో, అవే పలకలతో సాగిపోవాలి. రోడ్డు వైపున్న విడి పట్టీలో చిన్న వాలు కడితే కారు దాని మీదుగా నెమ్మదిగా ఎక్కి, ఫుట్‌పాత్‌ను దాటి లోపలికి వెళుతుంది. కారుకు ఇంజను ఉంది, 15 సెంటీమీటర్లు ఎక్కడం దానికి లెక్క కాదు. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా తలకిందులు. రోజుకు రెండుసార్లు బయటికి వచ్చే కారు కోసం, రోజంతా నడిచే వందల మందిని దించి ఎక్కిస్తున్నాం.

చిన్న వీధి పెద్ద రోడ్డులో కలిసే చోట కూడా అంతే. ఫుట్‌పాత్ ఎత్తులోనే వీధికి అడ్డంగా దాటే దారి వేస్తే, మలుపు తిరిగే బండి దానంతట అదే వేగం తగ్గిస్తుంది.

ఇక రోడ్డు దాటడం. "వంతెన కట్టినా జనం కిందనే దాటుతారు" అన్నది ఇదే అపోహకు అన్నలాంటిది. కింద లారీలు, బస్సులు పోవాలి కాబట్టి వంతెన కింద అయిదున్నర మీటర్లు వదలాలి, ఆపైన వంతెన మందం. ఒక్కో మెట్టు 15 సెంటీమీటర్లు అనుకున్నా ఎక్కడానికి 40, దిగడానికి 40. ఇరవై మీటర్ల రోడ్డు దాటడానికి ఎనభై మెట్లు! నీళ్లు మేడ ఎక్కవు. ఎత్తిపోతల పథకం పెట్టి ఎక్కిస్తాం అంటారా, అంటే లిఫ్టు పెడతారా, అది ఏడాది పొడవునా పనిచేయాలి. వేగంగా పోయే ఔటర్ రింగు రోడ్డు లాంటి వాటికి, రైలు పట్టాలకు వంతెన తప్పదు, ఒప్పుకుంటాను. ఊరి మధ్య రోడ్డులో మాత్రం మనిషి నేల మీదే దాటాలి. సిగ్నలు పెట్టాలి, మధ్యలో నిలబడటానికి చోటు ఇవ్వాలి.

(తెర మీద: ఊరి పటం. బడి, బస్టాపు, కూరగాయల మార్కెట్, ఆసుపత్రి.)

కాలువ తవ్వే ఇంజినీరు మొదట చూసేది ఆయకట్టు. ఏ పొలాలకు నీళ్లు కావాలో తేల్చుకున్నాకే గీత గీస్తాడు. మున్సిపాలిటీ ప్రణాళిక కూడా అక్కడే మొదలుకావాలి. పిల్లలు ఏ బడికి నడుస్తారు, ఏ బస్టాపులో ఎక్కువమంది దిగుతారు, ఆసుపత్రికి ఎటు నుంచి వస్తారు. వాటిని కలుపుతూ గీతలు గీసి, ఆ గీతల్లో గండ్లు లెక్కపెట్టాలి. ఇప్పుడు జరిగేది వేరు. ఈ ఏడాది నిధులకు ఇక్కడ రెండు వందల మీటర్లు, పై ఏడాది ఇంకెక్కడో మూడు వందల మీటర్లు. అన్నీ కలిపి నివేదికలో ఇన్ని కిలోమీటర్లు అని రాస్తారు. ఎక్కడా నీళ్లు పారని కాలువ ముక్కలవి.

ఇది ఢిల్లీ పని కాదు. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలులో పట్టణ స్థానిక సంస్థల బాధ్యతలు పద్దెనిమిది ఉన్నాయి. రోడ్లు, వంతెనలు అందులో నాలుగోది. 2025 మేలో సుప్రీంకోర్టు కూడా నడవదగిన ఫుట్‌పాత్ పౌరుల హక్కని, అది జీవించే హక్కునిచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని చెప్పింది.

చేసినవాళ్లు పక్కనే ఉన్నారు. చెన్నై నగరపాలక సంస్థ 2014లో నడకకు, సైకిలుకు ప్రత్యేక విధానం ఆమోదించింది. రవాణా బడ్జెట్‌లో కనీసం 60 శాతం వాటికే పెట్టాలని అందులో రాసుకుంది. పట్టుచీరల కోసం మనవాళ్లు టి.నగర్ వెళుతుంటారు కదా, ఆ పాండీ బజారులో 2019 నవంబరులో విశాలమైన నడక దారి ప్రారంభమైంది. పానగల్ పార్కు దగ్గర దిగి ఒకసారి నడిచి చూడండి. నాకు అక్కడ నచ్చింది రాళ్లూ బెంచీలూ కాదు. ముసలివాళ్లు తల ఎత్తి, దుకాణాలు చూసుకుంటూ నడుస్తున్నారు. మన ఊళ్లలో వాళ్ల చూపంతా కింద పాదాల మీదే ఉంటుంది.

కాలువ తవ్వితే సరిపోదు, పూడిక తీయాలి. డెల్టాలో ఆ పనికి లస్కర్లు ఉంటారు, కాలువ గట్టు మీద తిరుగుతూ గండి కనపడితే కబురు పెడతారు. ఫుట్‌పాత్‌కు లస్కరు ఎవరు? నిలిపిన మోటారు సైకిళ్లు ఒకరి పని, తవ్వి వదిలేసిన గుంట ఇంకొకరి పని, ట్రాన్స్‌ఫార్మర్ మరొకరి పని. రోడ్డుకు ఒక్క అధికారి పేరు రాసి పెట్టకపోతే పూడిక పేరుకుంటూనే ఉంటుంది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పాలి. పూడిక అనగానే అందరి చూపూ తోపుడు బండి మీద పడుతుంది. అది అన్యాయం. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం సర్వే చేసి, కమిటీ వేసి వాళ్లకు స్థలం చూపించాలి. వాళ్లు కాలువ మీద తూము లాంటివాళ్లు. చోటు నిర్ణయించి పెడితే కాలువకు నష్టం లేదు, అరటిపండ్లు కొనేది కూడా నడిచేవాళ్లే. పైగా రాత్రి తొమ్మిదింటికి ఆ బండి దీపం వెలుగుతుంటే ఒంటరిగా నడిచే ఆడపిల్లకు ధైర్యం.

సమయం అయిపోతోంది, సైకిలు గురించి త్వరగా చెబుతాను. 2023 అక్టోబరు 1న హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి ప్రారంభించారు. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సౌర ఫలకాల నీడ. నాకు ఇష్టమైన చోటు, ఆదివారాలు వెళతాను. అయితే అది చెరువు లాంటిది, దానికి పిల్ల కాలువలు లేవు. రాత్రి కాపలా పనికి సైకిలు మీద వెళ్లే మనిషి ఇల్లూ, పనిచేసే చోటూ దాని ఒడ్డున లేవు. 2011 జనగణనలో, వ్యవసాయం కాని పనులకు వెళ్లేవారిలో 13 శాతం సైకిలు మీదే వెళుతున్నట్టు తేలింది. పెద్ద రోడ్ల మీద వారికి అంచు రాయి అడ్డుపెట్టిన విడి దారి కావాలి. తెల్ల గీత గీస్తే అది రేపటికి పార్కింగ్ అవుతుంది. చిన్న వీధుల్లో విడి దారి అక్కర్లేదు, బండ్ల వేగం గంటకు 30 కిలోమీటర్లు దాటకపోతే చాలు. 30 నుంచి 50కి పెరిగితే ఢీకొన్నప్పుడు దెబ్బ శక్తి దాదాపు మూడింతలవుతుంది. రోడ్డు భద్రత మీద ప్రపంచ దేశాల మంత్రుల సమావేశంలో వెలువడిన 2020 స్టాక్‌హోమ్ ప్రకటన కూడా మనుషులూ బండ్లూ కలిసే వీధులకు 30నే సూచించింది. బోర్డు పెడితే తగ్గదు, వీధి సన్నబడాలి, దాటే దారులు ఎత్తుగా ఉండాలి.

కూడళ్లు: ఫ్రీ లెఫ్ట్, అంటే సిగ్నలుతో పనిలేకుండా ఎడమకు తిరిగే వీలు, తీసేయాలి, అక్కడ బండి ఎప్పుడూ ఆగదు కాబట్టి మనిషి ఎప్పటికీ దాటలేడు. సిగ్నలు సమయం సెకనుకు 1.2 మీటర్లు నడుస్తారని లెక్కగడతారు, 21 మీటర్ల రోడ్డుకు 18 సెకన్లు వస్తాయి. మా అమ్మకు 30 కావాలి.

చివరగా డబ్బు. తెలంగాణ మున్సిపల్ చట్టం 2019 పచ్చదనానికి బడ్జెట్‌లో 10 శాతం తప్పనిసరి చేసింది. నడకకూ అలాంటి వాటా అడగవచ్చు, ఏప్రిల్ ఒకటికి ముందే అడగాలి.

నేను మా వీధి పద్నాలుగు గేట్ల కొలతలు, ఫొటోలు ఒక కాగితం మీద పెట్టి వార్డు కార్యాలయంలో ఇచ్చాను, రసీదు తీసుకున్నాను. మీ ఇంటి నుంచి బస్టాపు దాకా ఎన్ని గండ్లున్నాయో కొలిచి పంపండి. టేపు లేకపోతే జేన చాలు. తరువాతి వీడియోలో అవే చూపిస్తాను.