మొలలే అనుకుని రాసిన చీటీ

డాక్టర్లందరికీ నమస్కారం. మిర్యాలగూడ డాక్టర్లు, ఆర్‌ఎంపీలు ఇంతమంది ఒకే హాల్లో కూర్చుంటే ఇప్పుడు ఊళ్లో ఎవరికైనా కడుపునొప్పి వస్తే ఎక్కడికి పోవాలో! నేను రిటైరైన లెక్కల టీచర్ని. మైకు ఇచ్చారు కాబట్టి మా బావ సంగతి చెప్తాను.

ఆయనకి 56 ఏళ్లప్పుడు దొడ్డికి పోతే రక్తం పడేది. ఊళ్లో మొలలన్నారు, పట్నం పోతే అక్కడా మొలలే అన్నారు, మేం కూడా నాటుమందు తాగించాం, ఏడాదిన్నర అయ్యాక గానీ కొలనోస్కోపీ, అంటే కెమెరా ఉన్న గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష, ఆ మాట ఎవరూ ఎత్తలేదు. అప్పటికే పెద్దపేగు క్యాన్సర్ కాలేయానికి పాకింది. మిమ్మల్ని తిట్టడానికి రాలేదు, మా తప్పూ ఉంది.

బాధ ఎక్కడంటే, ఇది తొందరపడే జబ్బు కాదు. పేగు లోపల పులిపిరిలాంటి బుడిపె, పాలిప్ అంటారు కదా, అది క్యాన్సర్ కావడానికి చాలాసార్లు పదేళ్ల దాకా పడుతుంది. ఈలోపు దొరికితే కొలనోస్కోపీలోనే తీసేస్తారు. వెతకడానికి ఫిట్ అనే మలపరీక్ష ఉంది, పుల్లతో నాలుగుచోట్ల గీకి చిన్న గొట్టంలో పెట్టి మూత బిగించి ఇవ్వడమే, కంటికి కనపడని రక్తాన్నీ పట్టేస్తుంది. పథ్యం కూడా లేదు. రక్తం కళ్లకే కనపడుతుంటే మాత్రం ఈ పరీక్షతో సరిపెట్టొద్దు.

ఇంగ్లండ్‌లో 50 దాటితే రెండేళ్లకోసారి ఆ కిట్ పోస్టులో ఇంటికే వస్తుంది. మన దగ్గర 30 దాటినవాళ్లకి సర్కారు చేసే క్యాన్సర్ పరీక్షలు నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం వరకే. ఈ జబ్బు మనకి వాళ్లకంటే తక్కువ, కాబట్టి అందరికీ కిట్లు పంచమని అడగను. ఇంట్లో ఎవరికైనా వచ్చిందా అని మీరు అడగండి, చాలు.

మా మేనల్లుడికి, అంటే ఆ బావ కొడుక్కి, 41. తండ్రికో, తల్లికో, తోబుట్టువుకో వస్తే 40కి, లేదా వాళ్లకి వచ్చిన వయసుకి పదేళ్ల ముందు, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ చేయించుకోవాలంటారు. 56లో 10 తీస్తే 46, అంటే 40కే చేయించాలి, అప్పటికే ఏడాది లేటు. ఈ లెక్క నేను చెప్తే వినలేదు, వీడియోలు పంపితే చూడలేదు. పిల్లకి జ్వరమని మీలో ఒకాయన దగ్గరికి పోతే, ఆయన చీటీ రాస్తూ తల కూడా ఎత్తకుండా "మీ నాన్నకి వచ్చింది కదా, నువ్వెప్పుడు చూపించుకుంటావ్?" అన్నారట. మూడోరోజే నల్గొండ పోయాడు. రెండు పాలిప్‌లు దొరికాయి, తీసేశారు.

ఆ డాక్టరు గారు ఇదే హాల్లో వెనక వరసలో కూర్చున్నారు, ఆ మాట అన్నట్టు ఆయనకి గుర్తుందో లేదో.